సరిహద్దు ఊళ్లలో లైబ్రరీ పుస్తకాల ఎంపిక, దాని చుట్టూ రాజకీయం: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ. ఈ ఊళ్లలో కాలేజీలకు కొదవ లేదు, కుర్రకారుకు కొదవ లేదు, భాషలు మూడో నాలుగో ఉంటాయి. మంచి లైబ్రరీలే తక్కువ. ఉన్న కొద్ది బీరువాల్లో ఏ పుస్తకం ఉండాలి, ఏది ఉండకూడదు అన్న మాట లేచినప్పుడు పార్టీల వాళ్లు, కుల సంఘాల వాళ్లు, విద్యార్థి సంఘాల వాళ్లు అందరూ మాట్లాడతారు. రోజూ వచ్చి చదువుకునేవాళ్లు మాత్రం నోరు విప్పరు. పుస్తకాల ఎంపిక కమిటీల్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి, మన తెలుగువాళ్లు తరచూ అడిగే వాటికి జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా ఒడిశా వైపు సంగతులే. మహారాష్ట్రలోని షోలాపూర్, నాందేడ్, సిరొంచ వైపు వాళ్లకు తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

మా ఊరి లైబ్రరీకి పుస్తకాలు ఎవరు ఎంపిక చేస్తారు?

అది ఎవరి లైబ్రరీయో ముందు తెలుసుకోండి. జిల్లా లైబ్రరీ అయితే రాష్ట్ర ప్రభుత్వానిది. ఒడిశాలో ఒడియా భాషా సాహిత్య, సాంస్కృతిక శాఖ కిందికి వస్తుంది. కాలేజీలో ఉన్నదైతే కాలేజీ కమిటీది. తెలుగు సంఘం నడుపుకునే రీడింగ్ రూమ్ అయితే ఆ సంఘం కార్యవర్గం ఇష్టం. గొడవ రాగానే జనం ఈ తేడాలేవీ చూడరు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న లైబ్రేరియన్ మీద పడతారు. ఆ మనిషికి ఆ పుస్తకంతో సంబంధమే ఉండకపోవచ్చు.

ప్రభుత్వ లైబ్రరీలకు వచ్చే పుస్తకాల్లో చెప్పుకోదగ్గ భాగం కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ ద్వారా వస్తుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద 1972లో పెట్టిన సంస్థ ఇది. రాష్ట్రం కొంత సొమ్ము పెడితే దానికి తన వాటా కలిపి సాయం చేయడం ఒక పద్ధతి. పై స్థాయిలో ఎంపికైన పుస్తకాలు నేరుగా రావడం ఇంకో పద్ధతి. రెండో దాంట్లో జిల్లాలో ఎవరి మాటా చెల్లదు. పెట్టెలు విప్పాకే ఏం వచ్చాయో తెలుస్తుంది. కాబట్టి "ఈ పుస్తకం ఎందుకు తెప్పించావు" అని స్థానిక ఉద్యోగిని నిలదీసే ముందు, వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే అక్సెషన్ రిజిస్టర్‌లో అది కొన్నదా, పైనుంచి వచ్చిందా, ఎవరైనా ఇచ్చిందా చూడండి. ప్రతి పుస్తకానికీ ఎదురుగా ఆ వివరం రాసి ఉంటుంది.

చట్టాల సంగతీ చూద్దాం. ఒడిశాలో పబ్లిక్ లైబ్రరీల చట్టం 2001లో వచ్చింది. అందులో గ్రంథాలయ సెస్సు లేదు. ఆంధ్రలో 1960 చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు కడతారు. అంటే పాతపట్నంలో ఇల్లున్నవాడు లైబ్రరీకి నేరుగా డబ్బు కడుతున్నాడు, ఆటో ఎక్కి వెళ్లేంత దూరంలో ఉన్న పర్లాకిమిడి వాడు కట్టడం లేదు. జేబుకు మంచిదే. కానీ "మా డబ్బుతో ఏం కొన్నారు?" అని అడిగే అలవాటు కూడా దాంతోపాటే లేకుండా పోయిందని నా అనుమానం.

మహారాష్ట్ర లెక్క వేరు. 1967 చట్టం కింద అక్కడి లైబ్రరీలను చాలావరకు ఊళ్లోని స్వచ్ఛంద సంఘాలే నడుపుతాయి. ప్రభుత్వం వాటిని అ, బ, క, డ అని నాలుగు తరగతులుగా చేసి గ్రాంటు ఇస్తుంది. ఎంపిక కార్యవర్గం చేతిలోనే ఉంటుంది. అందుకే అక్కడ కార్యవర్గం ఎన్నికే అసలు రాజకీయం.

లైబ్రరీలో పెట్టారంటే ఆ పుస్తకాన్ని సమర్థించినట్టే కదా?

కాదు. గాంధీ రాసినవీ, అంబేద్కర్ రాసినవీ ఒకే బీరువాలో ఉంటాయి. ఇద్దరికీ ఎన్ని విషయాల్లో పడలేదో అందరికీ తెలుసు. లైబ్రరీ ఇద్దరినీ సమర్థిస్తోందా?

ఒక పుస్తకం నిషేధంలో ఉందని ఎలా తెలుస్తుంది? వాట్సాప్‌లో నిషేధించారని వచ్చింది.

వాట్సాప్ చాలదు. రాష్ట్ర ప్రభుత్వం ఏదైనా పుస్తకాన్ని జప్తు చేయాలంటే గెజిట్‌లాంటి అధికారిక ప్రకటన ఉండాలి, ఎందుకు జప్తు చేస్తున్నారో కారణాలు అందులో రాయాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 95వ సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 98వ సెక్షన్ అయింది. ఆ ఉత్తర్వు నచ్చనివాళ్లు రెండు నెలల్లోగా హైకోర్టుకు వెళ్లవచ్చు. అక్కడ ముగ్గురు జడ్జిలతో ప్రత్యేక బెంచి వింటుంది. విదేశాల్లో అచ్చయిన పుస్తకాన్ని దేశంలోకి రానివ్వకుండా కస్టమ్స్ చట్టం కింద ఆపడం ఇంకో దారి.

ఈ ఉత్తర్వుల్లో ఏదీ లేకపోతే అది నిషేధించిన పుస్తకం కాదు. ఊళ్లో ఎంతమంది అన్నా కాదు. కలెక్టరాఫీసు నుంచి ఫోన్ వచ్చినా సరే, ఫోన్ అనేది ఉత్తర్వు కాదు. "సార్, కాగితం మీద పంపించండి" అని మర్యాదగా అడగడం లైబ్రేరియన్ హక్కు. నా అనుభవంలో ఆ ఒక్క వాక్యంతో సగం ఫోన్లు ఆగిపోతాయి.

ఇక నిషేధం ఉన్నంత మాత్రాన ఆ పుస్తకం చెడ్డదని అనుకోనక్కర్లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనం' కావ్యాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే, అశ్లీలమని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి 1947 దాకా పట్టింది, అదీ టంగుటూరి ప్రకాశం పూనుకుంటే. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' మీద కూడా బ్రిటిష్ కాలంలో నిషేధం పడింది. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక తీశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకూ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి, అంతవరకు వచ్చిన ఉత్తర్వులన్నీ మన బరంపురం బీరువాలకూ వర్తించినవే. ఇవాళ ఆ రెండు పుస్తకాలూ ఎం.ఏ. తెలుగు పిల్లల చేతుల్లో ఉన్నాయి.

నిషేధం లేదు. కానీ పాతికమంది వచ్చి, ఇప్పుడే తీసేయమని బల్ల గుద్దుతున్నారు. ఏం చేయాలి?

ఆ రోజు చేయగలిగింది తక్కువే. మనుషులకు దెబ్బ తగలకుండా చూసుకోండి, పోలీసులకు చెప్పండి, వచ్చినవాళ్లలో ఒకరిద్దరిని కూర్చోబెట్టి రాతపూర్వకంగా ఇవ్వమనండి. పుస్తకాన్ని వాళ్ల చేతికి మాత్రం ఇవ్వొద్దు. అది ప్రభుత్వ ఆస్తి. లెక్క చెప్పాల్సింది మీరే.

చేయాల్సిన అసలు పని అంతకు ముందే ఉంటుంది. ఎంపిక విధానం అని ఒక కాగితం, రెండు పేజీలైనా సరే, కమిటీ తీర్మానం చేసి పెట్టుకోవాలి. ఏ రకం పుస్తకాలు కొంటాం, పాఠకులు ఎలా అడగాలి, విరాళాలు ఎలా తీసుకుంటాం, అభ్యంతరం వస్తే ఎవరు, ఎన్నాళ్లలో చూస్తారు, తేలేదాకా పుస్తకం బీరువాలోనే ఉంటుందా లేదా. ఈ చివరి ముక్క చాలా ముఖ్యం. "ముందు తీసేద్దాం, తర్వాత ఆలోచిద్దాం" అని లోపల పెట్టిన పుస్తకం మళ్లీ బయటికి రావడం నేనైతే చూడలేదు. అందుకే తేలేదాకా బీరువాలోనే ఉండాలని రాసుకోండి. మన వైపు చాలా లైబ్రరీల్లో ఈ కాగితం లేదు. గొడవ వచ్చాక రాసుకుంటే ఎవరూ నమ్మరు, ఎవరి కోసమో రాశారంటారు.

లైబ్రరీలు ఊరకనే బలి కావడం కొత్త కాదు. శివాజీ మీద జేమ్స్ లెయిన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ రాసిన పుస్తకం విషయంలో 2004 జనవరి 5న పుణెలోని భండార్కర్ ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ మీద గుంపు దాడి చేసింది. ఆ సంస్థ పుస్తకం రాయలేదు, అచ్చు వేయలేదు. రచయిత అక్కడ చదువుకుని, అక్కడి పండితులకు కృతజ్ఞతలు చెప్పాడు, అంతే. ప్రచురణకర్తలు అప్పటికే భారతదేశంలో ఆ పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు కూడా. అరుదైన గ్రంథాలు, రాతప్రతులు పాడయ్యాయి. ఆ తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. బాంబే హైకోర్టు 2007లో ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2010లో సుప్రీంకోర్టు హైకోర్టు మాటనే ఖాయం చేసింది. కోర్టులో నిలవని నిషేధం కోసం పాడైన రాతప్రతులను ఎవరు తిరిగి తెస్తారు?

అయితే మా మనోభావాలకు విలువ లేదా? ఫిర్యాదు చేసే హక్కు మాకు లేదా?

తప్పకుండా ఉంది. పుస్తకాన్ని కొనమని అడిగే హక్కు ఎంత ఉందో, ఇది ఎందుకు కొన్నారని అడిగే హక్కూ అంతే ఉంది. అడిగేటప్పుడు మూడు విషయాలు రాయండి: పుస్తకం మొత్తం చదివారా, ఏ పేజీల్లో ఏ మాట మీద అభ్యంతరం, లైబ్రరీ ఏం చేయాలని మీ కోరిక. మూడో దానికి "తీసేయాలి" ఒక్కటే జవాబు కానక్కర్లేదు. ఆ పుస్తకానికి జవాబుగా వచ్చిన ఇంకో పుస్తకాన్ని పక్కనే పెట్టమనవచ్చు. పిల్లల బీరువా నుంచి పెద్దల బీరువాకు మార్చమనవచ్చు. తప్పుడు తేదీలు, తప్పుడు లెక్కలు ఉన్న పాత సంచికకు బదులు కొత్త సంచిక తెప్పించమనవచ్చు. ఇలాంటి కోరికల్లో న్యాయమైనవి చాలానే ఉంటాయి.

మతాల మధ్య, కులాల మధ్య పగ రెచ్చగొట్టడం, మత విశ్వాసాలను కావాలని అవమానించడం నేరాలే. భారతీయ న్యాయ సంహితలో 196, 299 సెక్షన్లు వాటి కోసమే ఉన్నాయి. కానీ అది రాసినవాళ్ల మీదా, అచ్చు వేసినవాళ్ల మీదా తేలాల్సిన సంగతి, తేల్చాల్సింది కోర్టు. కోమట్ల గురించి కంచ ఐలయ్య రాసిన పుస్తకం మీద 2017లో తెలుగు రాష్ట్రాల్లో ఎంత రగడ జరిగిందో గుర్తుండే ఉంటుంది. నిషేధించమని సుప్రీంకోర్టుకు వెళితే కోర్టు ఒప్పుకోలేదు. ఆ పుస్తకం నచ్చాలని ఎవరూ అనలేదు. నచ్చకపోవడం వేరు, ఇంకొకరు చదవకూడదనడం వేరు.

మన సరిహద్దు ప్రాంతంలో గొడవలు ఎక్కువగా ఏ పుస్తకాల మీద వస్తాయి?

టీవీల్లో చూసి అందరూ మతం అనుకుంటారు. అదీ ఉంది. కానీ ఇక్కడి ప్రత్యేకమైన తగువులు వేరు. మొదటిది 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలవడం. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి ఒడియావాళ్లకు ప్రత్యేక రాష్ట్రం సాధించిన పెద్ద, 1937లో ఆ రాష్ట్రానికి తొలి ప్రధానమంత్రి (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా పిలిచేవారు). ఇప్పుడు జిల్లాకే ఆయన పేరు పెట్టారు, 1992 నుంచి అది గజపతి జిల్లా. మన వైపు రాసిన పాత పుస్తకాలు తెరిస్తే అదే సంఘటన పర్లాకిమిడిని పోగొట్టుకున్న కథగా కనిపిస్తుంది. ఆ ఊళ్లో దశాబ్దాలు పాఠాలు చెప్పి, వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు 1936లో ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఒడియా బీరువాలో ఉన్న జీవిత చరిత్ర చదివిన కుర్రాడికీ, తెలుగు బీరువాలో ఉన్నది చదివిన కుర్రాడికీ ఒకే కోట ముందు నిలబడి వాదించుకునేంత విషయం దొరుకుతుంది. వాదించుకోనివ్వండి. రెండు పుస్తకాలూ ఉంటేనే వాదన, ఒకటే ఉంటే ప్రచారం.

రెండోది పటాలు. కోరాపుట్ జిల్లా కొటియా గ్రామాలు ఒడిశావా, ఆంధ్రవా అన్న తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. ఆ పల్లెలను ఇటు చూపే అట్లాసులు, అటు చూపే గెజిటీర్లు రెండూ ఉన్నాయి. వంశధార మీద నేరడి బ్యారేజీ పుస్తకాలూ, నివేదికలూ అంతే. "మన రాష్ట్రానికి వ్యతిరేకమైన పుస్తకం ప్రభుత్వ లైబ్రరీలోనా!" అని ఎవరో ఒకరు అంటారు. ఇంజనీరింగ్ చదివే పిల్లలకు, లా చదివే పిల్లలకు రెండు పక్షాల కాగితాలూ కావాలి. అవతలి వాదన తెలియనివాడు కోర్టులో ఏం వాదిస్తాడు?

మూడోది సవర గిరిజనుల గురించి రాసినవి. సవర భాషను ఏ లిపిలో రాయాలన్నదే ఒక రాజకీయం. గిడుగు వారు తెలుగు లిపిలో వాచకాలు చేశారు. 1936లో మంగెయి గొమాంగో సొరా సోంపెంగ్ లిపి తయారు చేశారు. మిషనరీలు రోమన్ వాడారు, ఒడియా లిపిలోనూ పుస్తకాలున్నాయి. వాటిలో కొన్ని మిషన్ అచ్చు వేసినవి కావడంతో మతమార్పిడి మాట వస్తుంది, మాట రాగానే పుస్తకం లోపలి గదిలోకి వెళ్లిపోతుంది. లోపలికి వెళ్లింది వ్యాకరణమో నిఘంటువో అన్న సంగతి ఎవరూ చూడరు. గజపతి, రాయగడ జిల్లాల్లో సవర పిల్లలు కాలేజీల దాకా వస్తున్నారు. వాళ్ల భాషలో ఉన్న కాసిని పుస్తకాలు వాళ్లకు అందకపోతే ఆ లైబ్రరీ ఎవరికోసం?

లైబ్రరీలో తెలుగు పుస్తకాలు ఎందుకింత తక్కువ? ఇది మన మీద కుట్రేనా?

ఎక్కువమంది అడిగేది ఇదే. కుట్ర అనడానికి నాకు మనసొప్పదు. కుట్ర కన్నా బద్ధకం, భయం ఎక్కువ పని చేస్తాయి.

ఎలా జరుగుతుందో చెబుతాను. కమిటీలో తెలుగు చదవగలిగినవాళ్లు ఒక్కరూ ఉండరు, లేదా ఒక్కరే ఉంటారు. జాబితాలో ఒక తెలుగు కథల సంపుటి వచ్చిందనుకోండి. లోపల ఏముందో మిగతావాళ్లకు తెలియదు. రేపు ఎవరైనా వచ్చి గొడవ చేస్తే సంతకం చేసినవాళ్లం మనమే కదా అని టెన్షన్. అందుకని పెన్నుతో ఒక గీత. దాని బదులు రామాయణం, శతకాలు, వంటల పుస్తకం ఉంచుతారు. అవి అప్పటికే నాలుగేసి ప్రతులు ఉంటాయి. కొత్తవి లేవు కాబట్టి కుర్రాళ్లు ఆ బీరువా వైపు రారు. రావడం లేదు కాబట్టి ఇష్యూ రిజిస్టర్‌లో తెలుగు పుస్తకాల లెక్క పడిపోతుంది. మరుసటి ఏడు ఆ లెక్క చూపించి "తెలుగుకు పాఠకులు లేరండీ" అంటారు. పైగా సరఫరా చేసేవాళ్లు ఎక్కువగా కటక్, భువనేశ్వర్ వైపు వాళ్లు. విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో పది పుస్తకాలు తెప్పించడం వాళ్లకు గిట్టుబాటు కాదు.

గొడవ చేసి తీయించిన పుస్తకం పేపర్లో పడుతుంది, నాలుగు రోజులు అమ్మకాలు కూడా పెరుగుతాయి. గొడవ ఎందుకులే అని కొనకుండా వదిలేసిన పుస్తకం పేరు ఎవరికీ తెలియదు. లెక్క తీస్తే ఈ రెండో రకమే చాలా ఎక్కువని నా నమ్మకం. కాబట్టి నిషేధాల మీద ఊరేగింపులు తీసేవాళ్లు, ఏడాదికొకసారి ఎంపిక జాబితాలో కొట్టేసిన పేర్లు కూడా చూడాలి. ఎవరూ చూడరు. అందులో వార్త లేదు కదా.

మన వైపు తప్పు లేదా అంటే ఉంది. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, తమ భాషను కాపాడుకునే హక్కు ఇచ్చే 29 ఉంది అని వేదికల మీద మాట్లాడతాం. 350ఎ ప్రాథమిక పాఠశాలలో మాతృభాషలో చదువు గురించి. లైబ్రరీకి అది నేరుగా వర్తించదు. దాన్ని పట్టుకుని లైబ్రేరియన్‌తో వాదించడం దండగ. సభ్యత్వం తీసుకుని, నెలకు రెండు తెలుగు పుస్తకాలు ఇష్యూ చేయించుకుంటే ఆ రిజిస్టరే మన తరఫున వాదిస్తుంది. తెలుగు సభలకు వచ్చేవాళ్లలో లైబ్రరీ కార్డు ఉన్నవాళ్లు ఎందరో ఒకసారి చేతులు ఎత్తించి చూడండి.

ఇంకో చిన్న సంగతి. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు వేసే డ్యూయీ పద్ధతిలో సర్దే చోట ఒడియా సాహిత్యం 891.456 దగ్గర, తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటాయి. మధ్యలో ఇంకెన్నో భాషలు వస్తాయి కాబట్టి తెలుగు ఏ మూలకో, కింది అరకో పడుతుంది. దాన్ని వివక్ష అనుకుని పోట్లాడిన పెద్దమనిషిని నేను ఎరుగుదును. అది అంకెల వరస, అంతే.

పార్టీ నాయకులు, స్వాములు, రిటైరైన అధికారులు విరాళంగా ఇచ్చే పుస్తకాలు తీసుకోవాలా?

తీసుకోవచ్చు, బీరువాలో పెట్టితీరాలని మాత్రం లేదు. కొనే పుస్తకానికి ఏ పరీక్ష ఉందో ఊరికే వచ్చినదానికీ అదే పరీక్ష ఉండాలి. విరాళం తీసుకునేటప్పుడే "ఉంచాలా, ఇంకో లైబ్రరీకి ఇవ్వాలా అన్నది లైబ్రరీ ఇష్టం" అని రాసిన కాగితం మీద సంతకం చేయించుకోండి. చేయించుకోకపోతే, ఎమ్మెల్యే గారి జీవిత చరిత్ర యాభై ప్రతులు వస్తాయి, ఫొటో దిగుతారు, అవి మంచి బీరువాలో అడ్డంగా కూర్చుంటాయి. అదే ఎమ్మెల్యే మీద విమర్శ రాసిన పుస్తకం మాత్రం "రాజకీయం వద్దండీ" అని తిప్పి పంపుతారు. ఒక పార్టీ నాయకుడి పుస్తకం తీసుకుంటే మిగతా పార్టీలవాళ్లవీ తీసుకోవాలి. ప్రతి ఒక్కటీ ఒక్క ప్రతి చాలు.

మా పిల్లలకు పోటీ పరీక్షల పుస్తకాలు చాలు. ఈ గొడవ పుస్తకాలన్నీ ఎందుకు?

ఉద్యోగం రానివాడి ఇంట్లో ఆ మాట సహజమే, దాన్ని తేలిగ్గా తీసేయలేను. బరంపురంలో ఉదయం రీడింగ్ రూమ్ తెరవకముందే బ్యాంకు పరీక్షల కుర్రాళ్లు సంచులతో నిలబడతారు. వాళ్లకు గైడ్లు, ఇయర్ బుక్కులు కావాల్సిందే. అయితే ఆ గైడ్లు ఏడాదికి పాతబడతాయి, బడ్జెట్ మొత్తం వాటికే పెడితే వచ్చే ఏడు బీరువా ఖాళీ. పైగా సివిల్స్‌లో వ్యాసం రాయాల్సిన పిల్లవాడు ఒక విషయం మీద రెండు పక్షాలూ చదవకుండా ఏం రాస్తాడు?

కాలేజీ లైబ్రరీకి కూడా ఇవే నియమాలా?

పూర్తిగా కావు. కాలేజీ లైబ్రరీ ముందు సిలబస్‌కు బాధ్యురాలు. శాఖాధిపతులు ఇచ్చిన జాబితా మీదే ఎక్కువ కొంటారు. చిక్కల్లా కాలేజీ ఊళ్లలో పబ్లిక్ లైబ్రరీ బలహీనంగా ఉంటే ఊరంతా కాలేజీ లైబ్రరీ మీద ఆధారపడటం, అక్కడి విద్యార్థి సంఘాల తగువు ఊరి తగువు కావడం. సిలబస్‌లో ఉన్న పుస్తకం మీద అభ్యంతరమైతే యూనివర్సిటీ పాఠ్య ప్రణాళిక బోర్డుకు రాయాలి, లైబ్రరీకి కాదు.

పిల్లల పుస్తకాల మీద అమెరికాలో పెద్ద గొడవలు అవుతున్నాయట. మా అమ్మాయి అక్కడుంది. ఇక్కడా అలా వస్తుందా?

అక్కడి తగువు ఎక్కువగా స్కూలు లైబ్రరీల్లో లైంగికత, జాతి గురించిన పిల్లల పుస్తకాల మీద. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1939లోనే లైబ్రరీ హక్కుల పత్రం ఆమోదించింది. 1982లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక స్కూలు బోర్డు కేసులో, అందులోని భావాలు నచ్చలేదన్న ఒక్క కారణంతో పుస్తకాలు తీసేయడం కుదరదని అక్కడి సుప్రీంకోర్టులో కొందరు జడ్జిలు రాశారు. కానీ దానికి పూర్తి మెజారిటీ రాలేదు, అందుకే ఇప్పటికీ కోర్టుల్లో నలుగుతోంది. మనం వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గది ఒక్కటే. పుస్తకం మీద అభ్యంతరం ఉంటే ఫారం నింపాలి, దాన్ని కమిటీ చదవాలి, జవాబు రాతలో ఇవ్వాలి. మన దగ్గర అరుపుతో మొదలై అరుపుతోనే ముగుస్తుంది.

పిల్లల విభాగంలో వయసు చూసి పెట్టడం తప్పేమీ కాదు. పెద్దల పుస్తకాన్ని "పిల్లలు చూస్తారు" అనే సాకుతో తీసేయడం తప్పు.

తెలుగు దినపత్రికలు వేయించడం లేదు. అందులోనూ రాజకీయమేనా?

పత్రికల్లో రాజకీయం లేదనడం కష్టం. తెలుగు పేపర్లలో ఏది ఎవరి వైపో చదివేవాళ్లందరికీ తెలుసు. అందుకే ఒక్కటే వేయిస్తే గొడవ. రెండు వేరు వేరు ధోరణుల పేపర్లు వేయించమని అడగండి. పలాస వైపు నుంచి పొద్దున్నే పర్లాకిమిడి చేరతాయి, ఖర్చు పెద్దది కాదు.

కేటలాగులో ఉన్న పుస్తకం బీరువాలో లేదు. కావాలనే మాయం చేశారా?

చాలాసార్లు కాదు. తప్పు అరలో పెట్టడం, తీసుకున్నవాళ్లు తిరిగి ఇవ్వకపోవడం మామూలే. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి 2017 కూడా ఏడాదిలో ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడాన్ని మామూలు నష్టంగానే లెక్కవేసింది. ఇరవై వేల లోపు పుస్తకాలున్న చోట ఏటా లెక్క చూడమంది.

అయినా అనుమానం పడాల్సిన సందర్భం ఒకటుంది. గొడవ జరిగిన పుస్తకమే పోతే, అదీ ఉన్న రెండు ప్రతులూ ఒకేసారి పోతే, "చిరిగిపోయింది, కొట్టేశాం" అని అంటే, ఆ కొట్టేసిన పుస్తకాల జాబితా అడగండి. చిరిగిన పుస్తకాన్ని తీసేయడానికి కమిటీ సంతకాలు ఉండాలి. తీసేయడమనే ఈ మామూలు పని వెనక దాక్కుని నచ్చని పుస్తకాలు సాగనంపడం అన్ని దేశాల్లోనూ ఉంది. ఎవరూ గట్టిగా అరవనక్కర్లేదు, ఒక పెన్ను చాలు.

గొడవైతే లైబ్రేరియన్ గతేమిటి?

బదిలీ. నిజం చెప్పాలంటే రక్షణ పెద్దగా లేదు. అందుకే ఎంపిక ఒక్కరి సంతకంతో జరగకూడదు, కమిటీ తీర్మానంతోనే జరగాలి. ఏడుగురు సంతకం చేసిన జాబితాకు ఒక్కరిని బలి ఇవ్వడం కొంచెం కష్టం.

ఎంపిక జాబితా చూడాలంటే ఎలా? ఫలానా పుస్తకం కొనమని ఎలా అడగాలి?

ముందు నోటితో అడగండి, చాలామంది లైబ్రేరియన్లు సంతోషంగా చూపిస్తారు. చూపించకపోతే సమాచార హక్కు చట్టం 2005 ఉంది. ఒడిశాలో దానికి 'ఫారం ఎ' నింపాలి, గుర్తింపు కాగితం జతచేయాలి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. "పుస్తకాల వివరాలు ఇవ్వండి" అని కాకుండా, "ఫలానా ఆర్థిక సంవత్సరంలో కొన్న పుస్తకాల జాబితా భాషల వారీగా, ఎంపిక కమిటీ సమావేశాల మినిట్స్ నకలు, రద్దు చేసిన పుస్తకాల జాబితా" అని విడివిడిగా అడగండి. గ్రాంటు తీసుకునే మహారాష్ట్ర సంస్థలు నేరుగా జవాబివ్వకపోతే, గ్రాంటు ఇచ్చే జిల్లా గ్రంథాలయ అధికారి కార్యాలయాన్ని అడగండి.

పుస్తకం కావాలంటే సలహా రిజిస్టర్‌లో రాయండి, దాంతోపాటు విడిగా ఒక ఉత్తరం కూడా ఇవ్వండి. రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, ధర, ఐఎస్‌బీఎన్ నంబరు, ఎవరికి ఉపయోగమో రెండు వాక్యాలు. మీ ఒక్కరి పేరు కాకుండా కార్డు ఉన్న పదిమంది సభ్యుల పేర్లు, కార్డు నంబర్లు ఉంటే మేలు. తెలుగు రాని కమిటీ సభ్యుల కోసం పుస్తకంలో ఏముందో ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ అరపేజీ రాసి జతచేయండి. వాళ్ల భయం పోగొట్టడానికి ఇంతకు మించిన దారి లేదు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. సాధారణంగా మార్చిలో హడావిడిగా బిల్లులు చేస్తారు కాబట్టి డిసెంబరు దాటకుండా ఇవ్వండి.